అమ్మ బటన్ ఫోన్ మార్పించాలా?

శ్రీలత_నెల్లూరు: అమ్మకి 68. ఇంకా బటన్ ఫోనే. కూరగాయల బండి దగ్గర కూడా స్కానర్ పెట్టేశారు, నోటిస్తే చిల్లర లేదంటున్నారు. స్మార్ట్‌ఫోన్ కొనిస్తే మోసగాళ్ల చేతిలో పడుతుందేమోనని టెన్షన్. మీ ఇళ్లల్లో పెద్దవాళ్లు ఎలా అలవాటుపడ్డారు? స్క్రీన్ ఎంత సైజుంటే నయం?

పాతబూత్: ముందు మా సంగతి వినండి. ఎస్టీడీ బూత్ నడిపినవాణ్ణి. రాత్రి 11 దాటితే పావు చార్జీ అని జనం నా బల్ల మీద కాచుక్కూర్చునేవాళ్లు. 2003లో మొబైల్‌కి ఇన్‌కమింగ్ ఫ్రీ అయింది, బల్ల ఖాళీ అయింది.

గోదారోడు: 2003 ఏంటండీ? 2005లో కూడా నేను ఇన్‌కమింగ్‌కి కట్టాను.

పాతబూత్: 2003 మే 1. బూత్ మూసి రీఛార్జులు అమ్మాను, నాకు చెప్పకు.

గోదారోడు: ఎందుకు చెప్పకూడదు? బెంగళూరులో ఉన్నప్పుడు ఇంటి నుంచి ఫోనొస్తే నా బ్యాలెన్సే కట్టయ్యేది. ఒక్క రింగిస్తే క్షేమం, రెండిస్తే నువ్వు చెయ్యమని అర్థం. అలా నెట్టుకొచ్చాం.

ఓరుగల్లు_రవి: అన్నా, అది రోమింగ్. మన సిమ్‌తో కర్ణాటక పోతే పడేది. వరంగల్, విజయవాడ ఒకే సర్కిల్, అంటే ఫోన్ కంపెనీల లెక్కలో ఒకే ప్రాంతం, అక్కడ పడేది కాదు. ఇద్దరిదీ కరెక్టే.

పాతబూత్: ఇద్దరిదీ కాదు. నాదే కరెక్టు.

గోదారోడు: సరే సార్, దండ వేయించుకోండి.

మిస్డ్‌కాల్_రాణి: మనం మిస్డ్ కాల్ ఇస్తే టక్కున ఎత్తేసేవాళ్లు ఉండేవాళ్లు చూడండి, వాళ్లని ఈ జన్మలో క్షమించను.

టవర్_గురు: టెలికాంలో పండిపోయినవాణ్ణి కాబట్టి చెబుతున్నా. మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న, కలకత్తా నుంచి జ్యోతిబసు చేశారు. అప్పట్లో నిమిషానికి 16 రూపాయల దాకా పడేది. మీవీ ఒక కష్టాలేనా!

శ్రీలత_నెల్లూరు: స్క్రీన్ సైజు అడిగాను సార్.

కడప_కువైట్: మా బాబాయి కువైట్ వెళ్లిన కొత్తలో కార్డు కొని నాలుగు ముక్కలు మాట్లాడేవాడు. ఇప్పుడు రోజూ ఐఎంఓ యాప్‌లో వీడియో. ఇంట్లోవాళ్లు డబ్బులడగడం కూడా రోజూ అయిపోయింది.

ఓరుగల్లు_రవి: శ్రీలతక్కా, చెల్లింపులకైతే ఫోన్ మార్చక్కర్లేదు. బటన్ ఫోన్లకి నెట్ లేకుండానే డబ్బులు పంపే యూపీఐ 123పే 2022లోనే వచ్చింది.

మిస్డ్‌కాల్_రాణి: వచ్చింది సరే, మీ ఊళ్లో వాడినవాళ్లని ఒక్కరిని చూపించు తమ్ముడూ. నా మాట విని స్మార్ట్‌ఫోనే కొనండి, కానీ పెద్ద ఖాతా దానికి కలపొద్దు. ఖర్చులకి వేరే ఖాతా తెరిచి, కొంచెం కొంచెం వేస్తూ ఉండండి. మా మామగారికి పోలీసు బట్టల్లో ఒకడు వీడియో కాల్ చేసి, ఫోన్‌లోనే అరెస్ట్ చేశాం, డిజిటల్ అరెస్ట్ అని బెదిరించాడు. ఆ ఖాతాలో ఉన్నదే పోయింది. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం.

టవర్_గురు: చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతారా ఇవి?

మిస్డ్‌కాల్_రాణి: ఆయన రిటైర్డ్ హెడ్మాస్టర్. నోరు అదుపులో పెట్టుకోండి.

శ్రీలత_నెల్లూరు: అమ్మనే అడిగేశా. సీరియళ్లు వస్తాయంటే పెద్దదే కొనమంది. పదివేల లోపు ఏది తీసుకోమంటారు?

గోదారోడు: ఏదైనా పర్లేదు, స్పీకర్ గట్టిగా వినబడేది చూడండి.