షిఫ్టు డ్యూటీలో దినచర్య నిలబెట్టుకోవడం ఎట్ల? ఒక్కరోజు తప్పితే అంతా వదిలేస్తున్నా

ప్రొద్దుటూరు షిఫ్టు (ప్రశ్న)

ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పని, ఇల్లు ప్రొద్దుటూరులో. వయసు 41. వారానికొక షిఫ్టు మారుతుంది: ఎ షిఫ్టు పొద్దున 6 నుంచి 2, బి 2 నుంచి రాత్రి 10, సి రాత్రి 10 నుంచి 6. హెచ్‌బీఏ1సీ (రక్తంలో చక్కెర మూడు నెలల సగటు చెప్పే పరీక్ష) 6.1 వచ్చింది, షుగరుకు ముందు మెట్టన్నమాట. ఇప్పుడే మందులొద్దు, నడక, తిండి, నిద్ర సరిచేసుకోమన్నారు డాక్టరు. రోజూ పొద్దున గంట నడక, అన్నం బంద్, రాత్రి 10కి పడక అని రాసి గోడకు అంటిస్తా. సి షిఫ్టు రాగానే అది కూలిపోతుంది. ఒక్కరోజు తప్పితే ఇంక నా వల్ల కాదని నెలంతా వదిలేస్తా, క్రమశిక్షణ లేదని నన్ను నేనే తిట్టుకుంటా. ఏం చేయాల్నో తెలీడం ల్యా. తెలిసినోళ్లు వివరంగా చెప్పండన్నా.

కార్మిక ఆరోగ్యం, కడప

అన్నా, తప్పు ఆ గోడమీద కాగితంలో ఉంది, మీలో కాదు. మూడు షిఫ్టులకు ఒకే టైం పెట్టుకుంటే ఎవరికైనా కూలుతుంది. గంటలు చూడకుండా పనుల్ని నిద్రకు, డ్యూటీకి ముడేయండి. లేవగానే రెండు గ్లాసుల నీళ్లు, డ్యూటీకి ముందు కడుపునిండా భోజనం, పడుకునే ముందు ఫోను పక్క గదిలో. షిఫ్టు మారితే టైం జరుగుతుంది, వరస మారదు.

ముందు నిద్ర సంగతి చూడండి, మిగతావన్నీ దాని మీదే నిలబడతాయి. సి షిఫ్టు వారంలో ఒకే విడతలో ఏడు గంటలు పట్టడం కష్టం. రెండు విడతలు చేయండి: పొద్దున 8 నుంచి 1 దాకా, మళ్లీ సాయంత్రం 5 నుంచి ఆరున్నర దాకా. ఆ గంటన్నర కునుకు తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య పనికొస్తుంది. ఒంటి వేడి బాగా తగ్గి కళ్లు మూతలు పడేది అప్పుడే, పొరపాట్లు జరిగేదీ అప్పుడే. టీ, కాఫీ రాత్రి ఒంటిగంట తర్వాత ఆపేయండి. తాగిన కెఫీన్‌లో సగం దాదాపు ఐదు గంటలకు కూడా ఒంట్లోనే ఉంటుంది. నాలుగింటికి తాగిన టీ ఎనిమిదింటి నిద్రను చెడగొట్టేది అందుకే.

డ్యూటీ దిగాక కళ్లు బరువెక్కుతుంటే బైకు తీయకండి. ఫ్యాక్టరీలోనే 20 నిమిషాలు కునుకు తీసి, మొహం కడుక్కుని, మరో పది నిమిషాలాగి బయల్దేరండి. పొద్దుటి ఎండ కంట్లో పడితే నిద్ర చెదురుతుందని నల్లద్దాలు పెట్టుకోమంటారు. అది బస్సులో వచ్చేవాళ్లకే, బండి నడిపేవాళ్లకు వద్దు.

ఇంకోటి, షిఫ్టులు ఎ, బి, సి వరసలో తిరుగుతున్నాయా, సి, బి, ఎ అని వెనక్కి తిరుగుతున్నాయా? మన ఒంటి గడియారం 24 గంటలకంటే కాస్త పొడుగు. రోజూకంటే తొందరగా పడుకోవడంకంటే ఆలస్యంగా పడుకోవడమే దానికి సులువు, ఎ, బి, సి వరసలో జరిగేది అదే. వెనక్కి తిరుగుతుంటే మీ టీమంతా కలిసి ఇన్‌ఛార్జిని అడగండి, చాలాచోట్ల ఇది మార్చదగ్గదే.

నడక లెక్క: 2020 మార్గదర్శకాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల చురుకైన నడకలాంటి పని, రెండు రోజులు కండరాలకు పని. రోజుకో గంట అని అందులో లేదు. మీరు మూడు వారాల్ని ఒక చుట్టుగా తీసుకోండి. ఎ వారంలో నాలుగు సాయంత్రాలు 40 నిమిషాల చొప్పున, బి వారంలో ఐదు పొద్దుటిపూటలు 40 చొప్పున, సి వారంలో ఆరు రోజులు 15 చొప్పున. మొత్తం 450, అంటే వారానికి సగటున 150. సి వారంలో తగ్గడం ఓడిపోవడం కాదు, అది లెక్కలో ముందే ఉంది. ఏప్రిల్, మే నెలల్లో నడక పొద్దున ఏడున్నరలోపు, లేదా పొద్దుగూకాక. బి వారంలో పది దాటాక బయల్దేరితే మన కడప ఎండ ఒళ్లు పాడుచేస్తుంది.

కౌన్సెలింగ్ మేడం, అనంతపురం

పై సమాధానం బాగుంది. తప్పిన రోజు గురించి నేను చెప్తా, మీ అసలు చిక్కు అక్కడే ఉంది.

"ఒకటి తప్పింది కాబట్టి అంతా పోయింది" అనే ఆలోచన చేసే నష్టం, తప్పిన నడక చేసే నష్టంకంటే ఎక్కువ. అలవాట్లు ఎట్ల కుదురుతాయని లండన్‌లో 96 మందిని గమనించి 2009లో ఒక అధ్యయనం వెలువరించారు. అలవాటు కుదరడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా అంచనా వేశారు. మధ్యలో ఒక్కరోజు తప్పినందుకు చెప్పుకోదగ్గ నష్టం కనపడలేదు. మీరు నెలకే తేల్చేస్తున్నారు, అదీ వారవారం టైం మారే ఉద్యోగంలో.

ప్రతి పనికీ మూడు మెట్లు రాసుకోండి. నడకకైతే పూర్తిది 40 నిమిషాలు, సగం 15, కనీసం 5. కనీసం ఎంత చిన్నదంటే పెళ్లిరోజైనా, పిల్లోడికి జ్వరమొచ్చినా, కరెంటు లేకున్నా మిద్దె మీద అయిపోవాల. 5 నిమిషాలు చేసిన రోజుకూ క్యాలెండర్లో పూర్తి టిక్కే పెట్టండి. సగం టిక్కు, వేరే రంగు వద్దు, అక్కడినుంచే మళ్లీ తిట్లు మొదలవుతాయి.

తప్పిన రోజు రెండు వాక్యాలు రాయండి. ఏం అడ్డొచ్చింది: "రిలీవరు రాలేదు, రెండు గంటలు ఎక్కువ నిలబడ్డా." తర్వాత ఏం చేస్తా: "రేపు లేచాక, టీ తాగకముందు, 15 నిమిషాలు." "నేను సోమరిని" అనేది ఆ కాగితం మీద ఉండకూడదు, దానికి మందు లేదు. రిలీవరు రాకపోవడానికైతే ఉంది. పక్క మిషను దగ్గరుండే తోటి మనిషికి ఇదే జరిగితే మీరేమంటారో అదే మీకూ చెప్పుకోండి. తిట్టుకోకపోతే ఇంకా వదిలేస్తామని చాలామంది భయం. 2012లో బర్కిలీలో చేసిన ప్రయోగాల్లో దీనికి ఎదురుగా వచ్చింది: పరీక్ష తప్పాక తమ పట్ల దయగా ఆలోచించమని చెప్పినవాళ్లు రెండో పరీక్షకు ఎక్కువసేపు చదివారు.

ఒక్కటి మాత్రం కచ్చితం: బాకీ తీర్చొద్దు. నిన్న తప్పిందని ఈరోజు 80 నిమిషాలు నడిస్తే మోకాళ్లు పట్టేసి ఎల్లుండి కూడా పోతుంది.

జ్వరం, వాంతులు, విరేచనాలు ఉన్న రోజు కనీసం కూడా వద్దు. రెండు వారాలు వరసగా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉంటే అది దినచర్య సమస్య కాదు. 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్‌కు, ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

సంగటి ముద్ద

తిండి మీద నా మాట. "అన్నం బంద్" తీసేయండి. బంద్ పెట్టిన మూడో రోజు పప్పన్నం కనపడితే రెండింతలు తింటాం. సంగటిలోనూ బియ్యముంటాయి, మెత్తగా ఉడికి నున్నగా ఎనిపిన ముద్ద చక్కెర పెంచకుండా ఏం ఉండదు. ఏదైనా ఒక చిన్న ముద్ద, దానికి సమంగా ఆకుకూర పప్పు, అంతే కూర, తర్వాత మజ్జిగ.

సి షిఫ్టులో పెద్ద భోజనం రాత్రి ఎనిమిదిలోపు ఇంట్లోనే: రెండు జొన్నరొట్టెలు, పప్పు, కూర. ఒంటిగంటకు గుప్పెడు ఉడకేసిన శెనక్కాయలు, జామకాయ, ఉప్పు తక్కువేసిన మజ్జిగ. నడిరాత్రి ఒళ్లు చక్కెరను సరిగా సర్దుకోలేదు, క్యాంటీన్ పూరీలు అప్పుడే ఎక్కువ చేటు. పొద్దున ఇంటికొచ్చి అర ప్లేటు ఉగ్గాని, ఒక గుడ్డు. బజ్జీ మానలేకపోతే సెలవురోజుకు ఉంచుకోండి, ఒకటో రెండో, సంతోషంగా. పెళ్లిళ్లలో తినండి, చేయి కడుక్కున్నాక 15 నిమిషాలు నడవండి. చక్కెర మీద తిన్న వెంటనే నడిచే నడకకు బలమెక్కువ.

ప్రొద్దుటూరు షిఫ్టు

మూడు మెట్లు ఈరోజే రాస్తా మేడం. ఒక సందేహం: మాది బండల మిద్దె, పైన ఇంకేం లేదు. మే నెలలో పొద్దున 8కి కూలరు వేసుకుని పడుకుంటే పదకొండుకే ఒళ్లంతా జిగట, మెలకువ. ఇంకోటి, సి వారం అయిపోయిన రోజు ఎంతసేపు పడుకోవాల?

కార్మిక ఆరోగ్యం, కడప

కిటికీలన్నీ మూసేసి ఉంటారు. కూలరు లోపలికి తోసే తేమగాలి బయటికి పోవాలంటే ఎదురుగా ఉన్న కిటికీ ఒక జానెడు తెరిచుండాల. వెలుతురు రాకుండా దానికి నల్లగుడ్డ కట్టి, కింద మాత్రం వదలండి. కూలరు కూడా గదిలో గాలినే తిప్పకుండా బయటిగాలిని లాగాల, వెనక భాగం కిటికీలో ఉండేట్టు పెట్టండి. మార్చిలోనే మిద్దె మీద రెండు పూతలు తెల్లసున్నం వేయించండి. కింద గది ఉంటే మంచం అక్కడికే మార్చండి.

ఆఖరి నైటు దిగిన పొద్దున రెండు మూడు గంటలే పడుకోండి, పదకొండుకు అలారం. పగలంతా కాస్త మత్తుగా ఉంటుంది, ఆరోజు బండి, నిచ్చెన పనులు వద్దు. రాత్రి పదికి పడుకుంటే మామూలు నిద్రలోకి వచ్చేస్తారు. ఆరోజు నడకకు కనీసం మెట్టు చాలు.