మా వాడి మిషన్లతో వేగలేకపోతున్నాం, ఏం చెయ్యాలో చెప్పండి

పెరటిమల్లె, ఒంగోలు:
మా అబ్బాయి తొమ్మిదో తరగతి. చదువు పర్లేదు, దాని గురించి కాదు నా గోల. మేడ మీద సామాన్ల గదిని ల్యాబ్ అంటూ మొదలుపెట్టాడు, ఇప్పుడు ఇల్లంతా ల్యాబే. కుక్కర్ మూడు విజిల్స్ వేయగానే ఇండక్షన్ స్టవ్ దానంతటదే ఆగిపోయే మిషన్ చేశాడు. నేనూ మురిసిపోయి పక్కవాళ్ళందరికీ చెప్పుకున్నాను. రెండో రోజు పప్పు పెట్టి బట్టలు ఆరేయడానికి వెళ్ళి వచ్చేసరికి స్టవ్ ఆగి ఉంది, మూత తీస్తే కందిపప్పు గింజకి గింజ విడివిడిగా నీళ్ళలో తేలుతోంది. మా మామయ్యగారికి పొద్దున్నే వరసగా తుమ్ములు వస్తాయి, మూడు తుమ్ములకి మిషన్ మూడు విజిల్స్ లెక్కేసుకుంది. బయల్దేరేటప్పుడు తుమ్మితే పని చెడుతుందంటారు, మా ఇంట్లో పప్పు చెడింది.

తర్వాత పూజ గదిలో మనిషి కదిలితే వెలిగే లైటు. అత్తయ్యగారు కదలకుండా కూర్చుని లలితా సహస్రనామం చదువుతుంటే సగంలో ఆరిపోతుంది, మళ్ళీ వెలగాలంటే చెయ్యి ఊపాలి. ఆవిడ నాలుగు రోజులు ఓపిక పట్టి, ఐదో రోజు దాని మీద విబూది పళ్ళెం బోర్లించారు.

ఇవన్నీ నవ్వుకున్నాం. కానీ పోయిన ఆదివారం జరిగింది నవ్వుకునేది కాదు. ట్యాంకు నిండగానే బోరు మోటార్ ఆగిపోయేలా ఏదో పెట్టాడు, పది రోజులు బాగానే పనిచేసింది. మేం పెళ్ళికి వెళ్ళి సాయంత్రం వచ్చేసరికి మోటార్ ఇంకా ఆన్‌లోనే ఉంది. ట్యాంకు ఓవర్‌ఫ్లో గొట్టం పక్కింటి డాబా వైపు ఉంటుంది, పిన్నిగారు ఆరబెట్టుకున్న గుమ్మడి వడియాలన్నీ గుజ్జయిపోయాయి. బోరులో నీళ్ళు అడుగంటాక కూడా తిరిగి తిరిగి మోటార్ కాలిపోయింది, వైండింగ్‌కి ఇచ్చాం. మా ఆయన ఆ అట్టపెట్టెలన్నీ పాత సామాన్లవాడికి వేసేస్తానంటున్నారు. వీడేమో "కోడ్ కరెక్టేనమ్మా, ఆఫ్ అని చెప్పాను, అదే ఆగలేదు" అని ఏడుపు. రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినట్లేదు. ఆపించెయ్యాలా, వదిలెయ్యాలా?

స్టార్టర్‌బాక్స్, విజయవాడ:
అమ్మా, నేను మోటార్ల పనే చేస్తాను. ముందు ఒక మాట, మీ వాడు అబద్ధం చెప్పట్లేదు. వాడు పెట్టింది నీలం రంగు చిన్న డబ్బా రిలే అయ్యుంటుంది, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్, అగ్గిపెట్టెలో సగం ఉంటుంది, మీద 10 ఆంపియర్లు అని రాసుంటుంది. అది బల్బుల్లాంటి వాటికి చెప్పిన లెక్క. ఒక హెచ్‌పీ మోటార్ అంటే 746 వాట్లు, తిరిగేటప్పుడు ఐదారు ఆంపియర్లు తీసుకున్నా స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. ఆన్ అయిన ప్రతిసారీ లోపల రవ్వలు లేచి లేచి ఏదో ఒక రోజు రెండు కాంటాక్టులూ వెల్డింగ్ పెట్టినట్టు అతుక్కుపోతాయి. ఇక పైనుంచి ఎన్నిసార్లు ఆఫ్ అన్నా విడవవు. ఆ రిలేని బోర్డు నుంచి పూర్తిగా విడదీసి, టేబుల్ మీద పెట్టి స్క్రూడ్రైవర్ పిడితో టక్కున కొట్టమనండి, ఒక్కోసారి టిక్ మని విడిపోతుంది. అలా విడిపోతే దొంగ దొరికినట్టే.

చెయ్యాల్సిందేమిటంటే చిన్న రిలేతో కాంటాక్టర్‌ని, అంటే మోటార్లకి వాడే పెద్ద రిలేని నడిపి, కాంటాక్టర్‌తో మోటార్‌ని నడపాలి. నీళ్ళు లేనప్పుడు ఆపేసే డ్రై రన్ రక్షణ వేరే ఉండాలి. అది మా బోటివాడు వచ్చి బిగించాలి, మీ వాడు పక్కన నిలబడి చూడొచ్చు. ఇండక్షన్ స్టవ్ కూడా 2000 వాట్లదైతే తొమ్మిది ఆంపియర్ల దాకా వెళ్తుంది, దాన్నీ ఆ డబ్బాకి తగిలించాడేమో, ఈ రోజే తీసేయించండి, వైరు వేడెక్కి కరిగిపోతుంది.

ఇంకోటి, మీరు అడగలేదు గానీ మోటార్ కంటే ఇదే ముఖ్యం. మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ ఉందా? ఎంసీబీ ఉంది కదా చాలు అనుకుంటారు చాలామంది. ఎంసీబీ కాపాడేది వైర్లని, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీకి మనిషి ఒంట్లోంచి పోయే కరెంటు లెక్కలోకే రాదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అయితే కరెంటు భూమిలోకి పోతుంటే వెంటనే కొట్టేస్తుంది. ఉంటే దాని మీద టెస్ట్ బటన్ నొక్కి చూడండి, పడిపోవాలి. పడకపోతే మార్పించండి.

కారంపొడి:
అందరూ మెచ్చుకుంటుంటే నేనొక్కదాన్ని కారం చల్లుతున్నా, తిట్టుకోకండి. మా తమ్ముడూ ఇలాగే. పాత సామాన్ల కొట్టు నుంచి పాడైపోయిన మైక్రోవేవ్ ఓవెన్ తెచ్చి విప్పాడు, ప్లగ్గే లేదు కదా ఏమవుతుందిలే అనుకున్నాడు. కొట్టువాళ్ళు అంతకుముందే ఏదైనా తగిలించి చూశారో ఏమో తెలీదు, లోపల కెపాసిటర్‌లో కరెంటు నిలవుండిపోయింది, వాడు వెళ్ళి గోడకి కొట్టుకున్నాడు. దాంట్లో రెండు వేల వోల్టుల దాకా ఉంటుందని ఆ తర్వాత తెలిసింది. బతికాడు, దేవుడి దయ. పాత డబ్బా టీవీ, మైక్రోవేవ్, ఉబ్బిన ఫోన్ బ్యాటరీ, ఈ మూడూ గడప దాటి లోపలికి రాకూడదని మా అమ్మ రూల్ పెట్టింది. ఆపించెయ్యమని అనను, కానీ పిల్లాడు మేధావి అని మురిసిపోయి ఏం తెస్తున్నాడో చూడటం మానెయ్యకండి.

చాక్‌పీసు:
టీచర్‌ని, అందుకే రెండు మాటలు. తుమ్ము సంగతి చూస్తే, ఆ చిన్న మైకు బోర్డుకి శబ్దం ఎంత పెద్దదో తప్ప ఏ శబ్దమో తెలీదు. తుమ్ము అర సెకను, విజిల్ రెండు మూడు సెకన్లు ఆగకుండా వస్తుంది. రెండు సెకన్లు దాటితేనే లెక్కపెట్టు అని కోడ్‌లో ఒక షరతు చాలు. స్టవ్ ఆపక్కర్లేదు, బజర్ మోగితే సరి. రెండో మాట, స్కూల్లో ఇన్‌స్పైర్ అవార్డ్స్ మానక్ గురించి అడగండి, పిల్లల కొత్త ఐడియాలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చేది, ఐడియా స్కూలే పంపాలి, ఎంపికైతే 10,000 రూపాయలు నేరుగా పిల్లాడి ఖాతాలో పడతాయి. పిల్లలు ఇలాంటివి చేసి చూసుకునే అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న స్కూలైతే ఇంకా మంచిది, ఇంట్లో తగలబెట్టేవి అక్కడ తగలబెట్టుకుంటాడు.

ఆసుపోత:
అక్కా, మాది ఆలేరు దగ్గర. చింతకింది మల్లేశం గారి గురించి వినే ఉంటారు. ఒక్క చీరకి ఆసు పొయ్యాలంటే, అంటే నేసే ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి పేర్చాలంటే, చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిప్పాలి, వాళ్ళమ్మ లక్ష్మిగారికి భుజం పడిపోయేది. 1992లో మిషన్ మొదలుపెట్టి, డబ్బుల్లేక మధ్యలో ఆపి, హైదరాబాద్ పోయి కరెంటు పని చేసుకుంటూ 1999కి పూర్తి చేశారు. దానికి లక్ష్మీ ఆసు యంత్రం అని అమ్మ పేరే పెట్టారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. మీ వాణ్ణి ఆయనతో పోల్చట్లేదు. ఆయన అమ్మ భుజం చూసి మొదలుపెట్టారు. మీ వాడు సెన్సార్ కొనుక్కుని, దాన్ని ఎవరికి తగిలిద్దామా అని ఇంట్లో వెతుకుతున్నాడు. పూజ గదిలో లైటు కావాలని మీ అత్తగారు అడిగారా?

పెరటిమల్లె, ఒంగోలు:
ఆలస్యంగా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. ముందు స్టార్టర్‌బాక్స్ అన్నయ్యగారికి. రిలేని కొడితే టిక్ మంది! వీడి మొహం చూడాలి. ఆ డబ్బా కోసి లోపల నల్లగా మాడిన చుక్క వాళ్ళ నాన్నకి చూపించాడు, ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి ఏమీ అనలేదు. అట్టపెట్టెలు మాత్రం ఇంకా మేడ మీదే ఉన్నాయి. ఆర్‌సీసీబీ లేదు మాకు, నిన్న పెట్టించాం. గోడలోంచి వచ్చే కరెంటు ముట్టుకోకూడదని, బ్యాటరీల మీద నడిచేవే చెయ్యాలని ఒప్పందం. పిన్నిగారికి రెండు గుమ్మడికాయలు కొనిచ్చి వడియాలు మళ్ళీ పెట్టించాం, మినప్పిండి వీడే రుబ్బాడు, చేత్తో, రోట్లో.

ఆలేరు తమ్ముడి మాట పట్టుకుని వీడు వాళ్ళ నానమ్మ దగ్గర కూర్చుని ఏం కావాలి నానమ్మా అని అడిగాడు. ఆవిడ మిషన్లేవీ వద్దన్నారు. కాసేపటికి, రాత్రి గేటు గొళ్ళెం పడిందో లేదో మంచం మీద నుంచే తెలిస్తే బాగుండన్నారు. గొళ్ళేనికి చిన్న అయస్కాంతం, పక్కన అయస్కాంతంతో పనిచేసే, గాజు గొట్టంలా ఉండే రీడ్ స్విచ్, అక్కడి నుంచి ఆవిడ తలగడ దాకా సన్నటి వైరు, రెండు పెన్సిల్ బ్యాటరీలు, ఒక ఎర్ర లైటు. గొళ్ళెం తీసి ఉంటే వెలుగుతుంది. ఇప్పటిదాకా ఒక్కసారి కూడా తప్పలేదు. అత్తయ్యగారికి భలే నచ్చింది. కాకపోతే అది నిజం చెప్తోందో లేదో చూడాలి కదా అని రోజూ రాత్రి చెప్పులేసుకుని గేటు దాకా వెళ్ళి చూసొస్తున్నారు.