సమస్య: నోరు లేనట్టి తల్లికి నూరు సుతులు

నిర్వాహకుడు:
పైన ఇచ్చింది తేటగీతి ఛందస్సులో పద్యం ఆఖరి పాదం, దానికి అర్థం కుదిరేలా ముందు మూడు పాదాలు మీరు రాయాలి. షరతు ఒక్కటే, గాంధారిని తీసుకురావద్దు. నోరులేని ఇల్లాలి దారీ వద్దు, అది అరిగిపోయింది. రాత్రిపూట పెరట్లో లైటుకు వాలే చిమ్మటల మీదే పూరించాలి. అమావాస్య దగ్గరపడింది, వెన్నెల లేని రాత్రుల్లో పురుగులు బాగా వస్తాయి. కళ్లారా చూసి రాయండి.

పెరటిచెట్టు:
పెరటి గోడపై దుప్పటి పరచినంత
చంద్రవంకల రెక్కల శలభ మొకటి
వచ్చి వాలెను, గుడ్లను వరుసఁ బెట్టె
నోరు లేనట్టి తల్లికి నూరు సుతులు

ఇది మూన్ మాత్ అండి. లేతాకుపచ్చ రెక్కలు, ఒక్కోదాని మీద చిన్న నెలవంక, వెనక పొడుగు తోకలు. పెద్దయ్యాక దానికి పనిచేసే నోరే ఉండదు. గొంగళిగా ఉన్నప్పుడు తిన్నదాంతోనే వారం రోజులు నెట్టుకొస్తుంది.

నిర్వాహకుడు:
'పెరటి–పరచి' ప్రాసయతి (పాదం మొదటి అక్షరానికి యతిస్థానంలోని అక్షరం కలవడం యతి, వాటికి బదులు వాటి పక్క అక్షరాలు కలిస్తే ప్రాసయతి) ముచ్చటగా కుదిరింది. కానీ లైటుకు ఎక్కువగా వచ్చేవి మగవే. మీసాలు చూశారా? మగదానికి అవి ఆడదానికంటే వెడల్పుగా, ఈకల్లా ఉంటాయి. తండ్రిని పట్టుకుని తల్లి అంటే సమస్య తీరదు!

పెరటిచెట్టు:
జూమ్ చేసి చూశాను, ఆడదే. అయినా గుడ్లు పెట్టింది కదండీ, ఇంకేం సాక్ష్యం కావాలి? 'వరుస' మాత్రం యతి కోసం వచ్చింది, నిజానికి నాలుగిక్కడ, రెండక్కడ పెట్టింది.

గోదారిగట్టు:
మద్ది చెట్టున దసలిని మనకొసంగు
పురుగు రెక్కలు తొడిగిన పూట నుండి
తినదు తాగదు, పిల్లలఁ గనుటె పనిగ
నోరు లేనట్టి తల్లికి నూరు సుతులు

నిర్వాహకుడు:
మూడో పాదం ధార బాగుంది. తెలంగాణలో మహదేవ్‌పూర్ వైపు దసలి పట్టు గూళ్లు చూసినవాళ్లకు మాత్రం ఒక చిక్కు తగులుతుంది. దారం తీయాలంటే గూడును ఉడకబెడతారు, లోపలిది రెక్కలు తొడిగేదాకా బతకదు. రెక్కలొచ్చేవి విత్తనానికి ఉంచిన గూళ్లలోవి. 'మనకొసంగు' దగ్గర ఇంకోసారి ఆలోచించండి.

కొత్తచేయి:
సెల్లు తెరలోన పెద్దదై చిన్నపురుగు
కానరాదయ్యె నాలుక గడియ చూడ
గుడ్లు మాత్రము దుప్పటి నిండ నుండె
నోరు లేనట్టి తల్లికి నూరు సుతులు

ఇదే మొదటి పూరణ. టెన్షన్‌గా ఉంది, తప్పులుంటే చెప్పండి.

ఛందోబాటసారి:
గణాలు (లఘుగురువుల గుంపులు) సరిపోయాయి. మూడో పాదంలో 'గు'కు 'ని' యతి చెల్లదు. 'దుప్పటి గుడ్డనిండ' అనండి, చాలు. ఇంకొకటి, చిమ్మటకు ఉండేది నాలుక కాదు, గడియారం స్ప్రింగులా చుట్టుకున్న తొండం. 'కానరాదయ్యెఁ దొండము' అంటే గణమూ నిలుస్తుంది, మాటా నిజమవుతుంది.

ఫోటో సంగతి కూడా చెప్తాను. ఎదురుగా ఫ్లాష్ కొడితే లేత రెక్కల రంగు తేలిపోతుంది. టార్చికి టిష్యూ పేపరు చుట్టి పక్కనుంచి వెలుగు వేయండి, రెక్క మీది పొలుసుల వరుసలు విడివిడిగా తెలుస్తాయి. పని కాగానే లైటు తీసేయాలి. ఈ పురుగులు వెలుగు మీద మోజుతో రావని, వీపును వెలుగు వైపు తిప్పుకునే అలవాటువల్ల దాని చుట్టూ చిక్కుకుపోతాయని 2024లో హైస్పీడ్ కెమెరాలతో చేసిన పరిశోధనలో తేలింది. ఆకాశం ఎప్పుడూ నేలకంటే వెలుగుగా ఉండేది కాబట్టి ఇన్నాళ్లూ ఆ అలవాటే వాటిని నిటారుగా ఎగరనిచ్చింది. నా పూరణ దాని మీదే:

వెలుగు మీదకు వీపును మలచుకొనుచు
తిరుగుచుండగ, దీపమ్ము తీసివేసి
చెట్ల చీకటి లోనికిఁ జేర్చినంత
నోరు లేనట్టి తల్లికి నూరు సుతులు

నిర్వాహకుడు:
ఇది నాకు నచ్చింది. మిగతా పూరణల్లో నోరు లేకపోవడం, నూరుగురు పిల్లలు పక్కపక్కన ఉన్నాయంతే. ఇక్కడ లైటు తీయడం వల్ల పిల్లలు పుట్టారు.

గోదారిగట్టు:
ఒప్పుకున్నాం. కానీ ఆ నూరుగురిలో సగం కూతుళ్లే ఉంటారు కదండీ, సమస్య ఇచ్చినవారిని ఎవరూ అడగరేం?

నిర్వాహకుడు:
'సుతలు' అని దిద్దుకున్నా గణం చెడదు. మీ ఇష్టం.