ప్రేమ విందులో పారేసే ప్లేట్లు మానిపించడం ఎలా?

కాలవగట్టు యూత్:
అందరికీ వందనాలు. మాది పశ్చిమ గోదావరిలో కాలవ గట్టునే ఉన్న చిన్న చర్చి. నేను యూత్ సెక్రటరీని. సెమీ క్రిస్మస్ (క్రిస్మస్‌కి ముందే చేసుకునే వేడుక) రోజు ఆరాధన అయ్యాక ప్రేమ విందు ఉంటుంది. చికెన్ బిర్యానీ, పెరుగు చట్నీ, వాటర్ ప్యాకెట్లు. మర్నాడు పొద్దున చూస్తే వెండిరంగు పూత ప్లేట్లు గాలికి లేచి కాలవలో పడుతుంటాయి. మిగిలినవి వాచ్‌మన్ చర్చి వెనక కుప్పేసి తగలబెడతాడు. ఆ కంపుకి పక్కిళ్ళ వాళ్ళు తలుపులేసుకుంటారు. కిందటేడు ప్యాకెట్ల కవర్లు తూముకి అడ్డంపడి, దాళ్వా (రెండో పంట) నారుమడికి నీళ్ళు అందట్లేదని ఒక రైతు చర్చికే వచ్చి అరిచాడు. అరవడా మరి!

ఈసారి స్టీలు కంచాలు పెడదామని కమిటీలో అన్నాను. ఒక పెద్దాయన "ఈ భూమి ఎలాగూ కాలిపోయేదే బాబూ, రెండో పేతురు మూడో అధ్యాయం చదువు. ఆత్మల సంగతి చూడు, ప్లేట్ల గొడవ నీకెందుకు" అన్నారు. అందరూ నవ్వేశారు. ట్రెజరర్ గారికి ఖర్చు టెన్షన్. పాస్టరు అయ్యగారేమో "ప్రార్థన చేద్దాం" అన్నారు. అంటే ఈ ఏడాదికి ఇక లేనట్టే.

వాళ్ళకి వాక్యంతో ఏం చెప్పాలి? ఖర్చు గురించి ఏం చెప్పాలి?

సండేస్కూల్ టీచరమ్మ, ఒంగోలు:
బాబూ, ఆ పెద్దాయన్ని అదే అధ్యాయం ఇంకాస్త కిందికి చదవమను. ఇవన్నీ లయమైపోయేవి గనుక మీ ప్రవర్తన ఎంత పరిశుద్ధంగా ఉండాలో చూసుకోండి అంటాడు పేతురు, 11వ వచనంలో. కాలవలో చెత్త వేసుకోమన్నట్టు నాకెక్కడా కనపడలేదు. కాలిపోయే భూమి మీదే కదా ఆయన కూడా ఇల్లు కట్టుకుని ఏటా సున్నం వేయిస్తున్నాడు!

నువ్వు మాత్రం యోహాను సువార్త 6వ అధ్యాయం తియ్యి. ఐదువేల మందికి యేసు ప్రభువే పెట్టిన విందు. అందరూ తిన్నాక "ఏమియు నష్టపడకుండ మిగిలిన ముక్కలు పోగుచేయుడి" అన్నాడు. ఐదు రొట్టెలతో అంతమందికి పెట్టినవాడికి ముక్కలతో పనేముంది? అయినా 12 గంపలు ఎత్తించాడు. ఎత్తింది శిష్యులు. మీ చర్చిలో ఎత్తేది వాచ్‌మన్ ఒక్కడే. కమిటీలో ఈ మాట నెమ్మదిగా అను, గొడవపడకు. ఆదికాండము 2:15 కూడా చూపించు. దేవుడు ఆదాముకి ఏదెను తోటను కాయమని చెప్పింది పాపం లోకంలోకి రాకముందే.

సప్లై సామాన్లు, ఏలూరు:
నేను హిందువుని, వాక్యాలు తెలీవు. ఖర్చు సంగతి చెప్తా. స్టీలు కంచాలకి అద్దె పెద్దగా ఉండదు, తోమే మనుషులకే అవుద్ది. పక్కనే ఉంది కదా అని కాలవలో తోమించకండి, బిర్యానీ నూనె, సబ్బు మళ్ళీ అందులోకే పోతాయి. బోరు దగ్గర తోమించండి.

విస్తరాకులు చవక. కానీ నిలబడి తినే బఫేకి పనికిరావు, చేతిలో వంగిపోతాయి. బంతి వేయాల్సిందే. కుర్రాళ్ళు వడ్డిస్తే పారేసేది కూడా తగ్గుద్ది, ఎందుకంటే బఫేలో ఎవరికి వాళ్ళు కొండలా పెట్టుకుంటారు. పేపర్ గ్లాసు మంచిదనుకోకండి, లోపల ప్లాస్టిక్ పొర ఉంటది. ఇరవై లీటర్ల టిన్నులు, స్టీలు గ్లాసులు పెట్టండి.

ఇంకోటి. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, డెకరేషన్ థర్మాకోల్ 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. స్టేజీ మీద థర్మాకోల్ నక్షత్రం పెడితే అదీ ఇందులోకే వస్తుంది. చర్చి పేరు మీద ఫైన్ రాస్తారని ట్రెజరర్ గారికి చెప్పి చూడండి.

గుంటూరు ఆర్‌సీఎం:
పోప్ ఫ్రాన్సిస్ 2015లో భూమి సంరక్షణ మీద లేఖ రాశారు. మా కాథలిక్ చర్చిల్లో సెప్టెంబరు 1 నుంచి అక్టోబరు 4 దాకా సృష్టి కోసం ప్రార్థనలు ఉంటాయి. నిజం చెప్పాలంటే మా విచారణలో (పారిష్‌లో) ఆ లేఖ చదివినవాళ్ళు తక్కువే. నవంబరు 2న, చనిపోయినవాళ్ళని తలుచుకునే రోజు, సమాధుల దగ్గరికి ప్లాస్టిక్ దండలు తేవద్దని ఫాదర్ గారు గుడిలో చెప్పాకే బంతిపూలు కనపడుతున్నాయి. అందరూ మారలేదు, కొందరు ఇంకా అవే తెస్తారు. మీ అయ్యగారి చేత ఒక్కసారి ప్రసంగ పీఠం మీద నుంచి చెప్పించండి.

కాలవగట్టు యూత్:
టీచరమ్మగారూ, యోహాను 6 అయ్యగారికి చూపించాను. ఆదివారం దాని మీదే చెప్తానన్నారు. పెద్దాయన ఒప్పుకోలేదు గానీ, బంతి వేస్తే వడ్డన తనే చూసుకుంటానన్నారు! కంచాలు వద్దు, విస్తరాకులే అనుకున్నాం. ఏలూరు అన్నగారూ, టిన్నులు, గ్లాసులు మా వైపు పంపుతారా?

సప్లై సామాన్లు, ఏలూరు:
పంపుతా తమ్ముడూ. డిసెంబరు మూడో వారం అన్ని చర్చిలవీ ఒకేసారి పడతాయి, ఎంతమందో ముందే చెప్పండి.