దత్తతకు సాయం చేయాలా, మిషనరీకి పంపే కానుక కొనసాగించాలా?

దీవెన:
అందరికీ వందనాలు. దశమభాగం కాక ప్రతినెలా కొంత పక్కన పెట్టి, వేరే దేశంలో సేవ చేస్తున్న ఒక మిషనరీ కుటుంబానికి పంపుతున్నాం. మా సంఘంలోని భార్యాభర్తలు ఇప్పుడు అదే దేశం నుంచి ఒక బాబును దత్తత తీసుకోబోతున్నారు. ఖర్చు వారి తాహతుకు మించిపోవడంతో సంఘాన్ని సాయం అడిగారు. రెండు చోట్లా ఇచ్చే స్తోమత మాకు లేదు. మాట ఇచ్చిన చోట ఆపకూడదని మావారు అంటారు. దిక్కులేని పిల్లలను పరామర్శించడమే నిజమైన భక్తి అని యాకోబు పత్రిక చెబుతుంటే, కళ్లెదుట ఉన్న అవసరాన్ని ఎలా కాదంటామని నా బాధ. ఇంకో మాట. బాబును వారికి చూపించింది మా మిషనరీ గారే. అక్కడి అనాథాశ్రమానికి నేరుగా విరాళం పంపితే పని త్వరగా అవుతుందని కబురు వచ్చింది. పంపవచ్చా?

సమర్పణ:
చెరి సగం పంపండి సిస్టర్. దేవుడు హృదయాన్ని చూస్తాడు.

పాత కోశాధికారి:
హృదయాన్ని దేవుడు చూస్తాడు, లెక్కలు మాత్రం మనమే చూసుకోవాలి. దీవెన గారూ, మీరు ‘ఇంకో మాట’ అంటూ చివర్లో రాసిందే అసలు మాట. చాలా కాలం మా సంఘంలో మిషన్ కానుకల పద్దు రాసినదాన్ని, కాస్త కటువుగానే చెబుతాను. విరాళం ఇస్తే బిడ్డ త్వరగా వస్తాడన్న చోటికి చిల్లిగవ్వ కూడా పంపకండి. దత్తత పేరుతో ఎవరూ అక్రమంగా లాభపడకూడదని, దేశాల మధ్య దత్తతలపై కుదిరిన 1993 నాటి హేగ్ ఒప్పందం స్పష్టంగా చెబుతోంది. సొంత దేశంలోనే ఆ బిడ్డకు ఒక కుటుంబం దొరికే వీలుందేమో పరిశీలించాకే విదేశానికి పంపాలన్నది కూడా అందులోనే ఉంది.

ఆశ్రమంలో ఉన్నంత మాత్రాన అనాథ అనుకోకండి. 2010లో భూకంపం తర్వాత హైతీ నుంచి 33 మంది పిల్లలను సరిహద్దు దాటించబోయి ఒక క్రైస్తవ బృందం అరెస్టయింది. తీరా చూస్తే ఆ పిల్లల్లో చాలామందికి అమ్మానాన్నలు బతికే ఉన్నారు. వెళ్లినవారి ఉద్దేశం మంచిదే కావచ్చు, చేతిలో సరైన అనుమతి పత్రాలు లేవు.

ఆ దేశం ఇంకా దత్తతకు అనుమతిస్తోందో లేదో కూడా ఆ దంపతులను అడగండి. ఇథియోపియా 2018లో విదేశీయులకు దత్తత ఇవ్వడం నిషేధించింది. చైనా 2024లో, దగ్గరి బంధువులకు తప్ప, ఆపేసింది. బిడ్డ ఫొటో చేతిలో పెట్టుకుని ఎదురుచూస్తున్న కుటుంబాలు అలాగే ఉండిపోయాయి.

అనాథల సేవకూ మిషన్ సేవకూ పోటీ పెట్టనవసరం లేదు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 1836లో అనాథల కోసం ఇల్లు తెరిచిన జార్జ్ ముల్లర్, చైనాలో పనిచేస్తున్న మిషనరీలకూ సాయం పంపేవారు. అయితే అనాథల నిధిని విడిగా ఉంచి, ఏటా లెక్క అచ్చువేసేవారు. నాకు ఆయన మీద గౌరవం అక్కడే.

ఇద్దరు పిల్లల తల్లి:
మాకు రెండో పాప దత్తత ద్వారానే వచ్చింది. ఇంటికి తెచ్చిన రోజు సంఘమంతా వచ్చి ప్రార్థన చేసింది. నెల తిరిగేసరికి తలుపు తట్టినవారు లేరు. పాప రొట్టె ముక్కలు దిండు కింద దాచుకునేది, అర్ధరాత్రి లేచి ఉన్నాయో లేవోనని తడిమి చూసుకునేది. మాకు నిద్ర ఉండేది కాదు. అప్పుడు ఎవరైనా వచ్చి పెద్దదాన్ని ఓ సాయంత్రం చూసుకుని ఉంటే ఎంత ఊరటగా ఉండేదో! కౌన్సెలర్ ఫీజు కూడా భారమే. దీవెన గారూ, మీ దగ్గర ఇప్పుడు డబ్బు లేకపోయినా, బాబు వచ్చాక చేయగలిగింది చాలా ఉంటుంది.

దీవెన:
మావారితో మాట్లాడాను. నెలనెలా పంపేది ఆపడం లేదు. ఆశ్రమానికి మాత్రం పంపం. ఆ కబురు ఎక్కడిదో మిషనరీ గారినే ఫోను చేసి అడుగుతాం.

పాత కోశాధికారి:
ఫోను వద్దు, ఉత్తరం రాయండి. జవాబూ రాతలోనే కావాలని అడగండి. ఒక ప్రతి మీ సంఘ పెద్దలకు కూడా ఇవ్వండి.