మా పల్లె బాప్టిస్టు చర్చి చరిత్ర ఎక్కడ వెతకాలి?

అందరికీ వందనాలు. ఒంగోలు దగ్గర మా పల్లెలో చిన్న బాప్టిస్టు చర్చి ఉంది. 1876–78 నాటి కరువు తర్వాత, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారి కాలంలో మొదలైందని పెద్దలు చెబుతారు. 1866లో ఆయన ఒంగోలు రావడం, కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించడం, 1878 జూలై 3న ఆయన ఆధ్వర్యంలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరగడం చదివాను. మా పల్లె పేరే ఎక్కడా కనబడలేదు. సంఘం పాత రిజిస్టరు చెదలు తినేసింది.

అప్పటి మిషన్ వార్షిక నివేదికల్లో ఊరి పేరుతో వెతకొచ్చా? అట్లాంటాలోని అమెరికన్ బాప్టిస్ట్ హిస్టారికల్ సొసైటీకి ఎవరైనా రాశారా? జవాబు వచ్చిందా? కట్టడం సంగతి తర్వాత, ముందు తొలి విశ్వాసుల పేర్లు కావాలి. చాలామంది మాదిగ కూలీలు. వాళ్ల పేర్లు పోకూడదు. దయచేసి దారి చెప్పండి.