కంప్యూటర్ లేవకపోతే వాడే పెన్‌డ్రైవ్: రెండింటికీ ఒకటే సరిపోతుందా?

పలాస_జీడి:
పలాసలో జీడిపప్పు షాపు. బిల్లింగ్‌కి పాత డెస్క్‌టాప్ (విండోస్ 10), ఇంటి దగ్గర కొత్త ల్యాప్‌టాప్ (విండోస్ 11). తుఫాను రోజుల్లో కరెంటు ఎలా పోతూ వస్తుందో మీకు చెప్పక్కర్లేదు. సిస్టం లేవకపోతే పనికొచ్చేలా ముందే పెన్‌డ్రైవ్ చేసి పెట్టుకుందామని. 8 జీబీది చాలా? రికవరీ డ్రైవ్ చేయాలా, ఇన్‌స్టాలేషన్‌దా?

బొబ్బిలి_సర్వీస్:
రెండూ వేరండి. స్టార్ట్‌లో ‘రికవరీ డ్రైవ్’ అని కొడితే వచ్చేది ఆ మెషీన్ కోసమే. సిస్టం ఫైల్స్ బ్యాకప్ టిక్ ఉంచితే కనీసం 16 జీబీ కావాలి, 32 కొనేయండి. దాంతో విండోస్ మళ్లీ ఎక్కించుకోవచ్చు, ఆ మెషీన్ డ్రైవర్లతో సహా. ల్యాప్‌టాప్‌కి ఇదే చేయండి. విండోస్ అప్‌డేట్లు మారుతుంటాయి కాబట్టి ఏడాదికోసారి మళ్లీ చేయాలి.

డెస్క్‌టాప్‌కి మీడియా క్రియేషన్ టూల్ (ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్ చేసే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రాం)తో విండోస్ 10 ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్, 8 జీబీ చాలు. విండోస్ 11 పెన్‌డ్రైవ్‌తో పాత మెషీన్‌లో మళ్లీ ఇన్‌స్టాల్ చేయబోతే హార్డ్‌వేర్ సరిపోదని ఆపేస్తుంది.

ఏది చేసినా పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. మీ బిల్లుల డేటా మాత్రం వీటిలోకి రాదు, దానికి బ్యాకప్ వేరే.

పలాస_జీడి:
థ్యాంక్స్ సార్. డెస్క్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ పెట్టినా మామూలుగా విండోసే వస్తోంది. రూఫస్ (ఇలాంటి పెన్‌డ్రైవ్‌లు చేసే ఇంకో ప్రోగ్రాం)తో చేశాను.

విజయనగరం_హార్డ్‌వేర్:
రూఫస్‌లో పార్టిషన్ స్కీమ్ (డిస్క్‌ని విభజించే పద్ధతి) జీపీటీ అని పెట్టారేమో చూడండి. విండోస్+ఆర్ నొక్కి ‘ఎంఎస్‌ఇన్ఫో32’ తెరవండి. బయోస్ (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రాం) మోడ్ దగ్గర ‘లెగసీ’, అంటే పాత రకం, అని ఉంటే జీపీటీ పెన్‌డ్రైవ్ దానికి కనబడదు, ఎంబీఆర్ అనే పాత పద్ధతితో మళ్లీ రాయాలి.

బూట్ మెనూ (ఏ డ్రైవ్‌తో లేవాలో ఎంచుకునే జాబితా) కీ: డెల్, లెనోవో ఎఫ్12, హెచ్‌పీ ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్ ఎస్కేప్, ఆసుస్ మదర్‌బోర్డ్ ఎఫ్8. ఏసర్‌లో ఎఫ్12 పనిచేయాలంటే చాలాసార్లు బయోస్‌లోకెళ్లి దాన్ని ముందు ఆన్ చేయాలి. ల్యాప్‌టాప్‌లో కీ అందకపోతే, విండోస్ నడుస్తుండగానే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి ‘యూజ్ ఎ డివైస్’ ఎంచుకోండి.

చౌకగా దొరికే 512 జీబీ పెన్‌డ్రైవ్‌ల జోలికి పోకండి. చాలావాటిలో అసలు సైజు అంతలో ఎన్నో వంతో! హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రాంతో ఒకసారి పరీక్షిస్తే తెలిసిపోతుంది.

శ్రీకాకుళం_సిస్టమ్స్:
అందరూ మర్చిపోయేది బిట్‌లాకర్, అంటే డిస్క్‌కి తాళం వేసే విండోస్ సదుపాయం. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలావాటిలో డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. అప్పుడు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసినా 48 అంకెల రికవరీ కీ లేకుండా సి డ్రైవ్ తెరుచుకోదు. ఆ కీ అకౌంట్‌లోంచి తీసి కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. అదే ల్యాప్‌టాప్‌లో దాచుకుని లాభం లేదు. బయోస్‌లో సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే లేవనిచ్చే సెట్టింగ్) మార్చినా కీ అడగొచ్చు.

ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లున్న చాలా ల్యాప్‌టాప్‌లలో ఇంకో తిరకాసు: ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌కి ఎస్‌ఎస్‌డీ కనబడకపోవచ్చు. వీఎండీ అనే ఇంటెల్ స్టోరేజ్ సెట్టింగ్ బయోస్‌లో ఆన్‌లో ఉండటమే కారణం. ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ అనే స్టోరేజ్ డ్రైవర్‌ని విప్పి, ఫోల్డర్‌గా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ‘లోడ్ డ్రైవర్’ ద్వారా చూపించండి. తేలిక కదా అని వీఎండీ ఆపేస్తే ఉన్న విండోస్ కూడా లేవకపోవచ్చు.

బూట్ పాడైతే ముందు స్టార్టప్ రిపేర్. అది కుదరకపోతే కమాండ్ ప్రాంప్ట్. ల్యాప్‌టాప్‌లో (యూఈఎఫ్ఐ, అంటే కొత్త రకం బయోస్) ‘బూట్‌రెక్ ఫిక్స్‌బూట్’ కొడితే తరచూ ‘యాక్సెస్ డినైడ్’ అంటుంది, అక్కడ బీసీడీబూట్ (బూట్ ఫైళ్లు మళ్లీ రాసే కమాండ్) వాడాలి. ఆ కమాండ్ ప్రాంప్ట్‌లో డ్రైవ్ అక్షరాలు మారిపోవచ్చు: మీ సి అక్కడ డి కావచ్చు. డిస్క్‌పార్ట్ (డిస్క్ విభాగాలు చూపే కమాండ్)లో ‘లిస్ట్ వాల్యూమ్’ కొట్టి విండోస్ ఏ అక్షరంలో ఉందో చూసుకున్నాకే ముందుకెళ్లండి. అందులో ‘క్లీన్’ మాత్రం కొట్టొద్దు, మొత్తం డిస్క్ ఊడ్చుకుపోతుంది.

బొబ్బిలి_సర్వీస్:
పెన్‌డ్రైవ్ అయ్యాక రెండు మెషీన్లలోనూ ఒకసారి బూట్ చేసి చూడండి. రికవరీ డ్రైవ్‌తో నీలం తెర మీద ‘చూజ్ యాన్ ఆప్షన్’ రావాలి, ఇన్‌స్టాలేషన్‌దైతే సెటప్‌లో ‘రిపేర్ యువర్ కంప్యూటర్’ నొక్కితే అదే వస్తుంది. అక్కడిదాకా వస్తే చాలు, ఇంకేం నొక్కకుండా ‘టర్న్ ఆఫ్’ చేసేయండి.